ఇంకొక్కసారి కడిగిన సీసాలు

ఆ ప్రయోగశాలలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. పెద్ద మేడమ్ దగ్గర్నుంచి గేటు కాపలా మనిషి దాకా అందరికీ ఆమె సీసాలక్కే. జీతాల రిజిస్టరులో అసలు పేరు ఉందిగానీ, ఆ పేరుతో రెండుసార్లు పిలిస్తేగాని ఆమె పలకదు. ఇరవై రెండేళ్ళుగా సీసాలు కడుగుతున్న మనిషిని అలా కాక ఇంకెలా పిలుస్తారు?

సీసాలు కడగడమంటే ఇంట్లో గిన్నెలు తోముకోవడం లాంటిదేగా అని ఆమె ముందు మాత్రం అనకండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె మొగుడు ఒకసారి అన్నాడు. ఆ తర్వాత వారం రోజులు తాను తిన్న కంచం తానే తోముకున్నాడు.

ఆమె గది కింది అంతస్తులో, మెట్ల పక్కన ఉంటుంది. రెండు లోతైన సింకులు. గోడకు కొక్కేల మీద లావు నుంచి సన్నం దాకా వరసగా బ్రష్షులు. సీసాల్ని బోర్లించడానికి మేకుల చట్రం. ఒక మూల బీరువా అంత ఓవెన్, దాని పక్కన ఆవిరితో ఉడికించే ఆటోక్లేవ్. సింకు కింద ఇరవై లీటర్ల క్యాన్లలో డిస్టిల్డ్ వాటర్. కిటికీ ఒక్కటే, కానీ పెద్దది. ఆ కిటికీ కోసమే తాను ఈ గది ఒప్పుకున్నానని అంటుంది. ఒప్పుకోకపోతే వేరే గది ఇచ్చేవాళ్ళేమీ కాదు, అది వేరే సంగతి.

పని పద్ధతి ఇది. సబ్బుతో తోమాలి, కుళాయి నీళ్ళతో ఏడుసార్లు, డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు తొలవాలి. తర్వాత సీసాను కిటికీ వెలుగుకు పట్టి చూడాలి. నీళ్ళు గాజు మీద పలచటి పొరలా జారిపోతే శుభ్రమైనట్టు. ఒక్క చుక్క ఎక్కడైనా ఆగిందంటే అక్కడ ఇంకా జిడ్డు ఉన్నట్టు, మళ్ళీ మొదటికి. అలా నెగ్గిన సీసాల మూతికి అల్యూమినియం ఫాయిల్ చుట్టి, రెండు వందల యాభై డిగ్రీల దగ్గర ఓవెన్‌లో కాల్చాలి. చల్లారాక ఆటోక్లేవ్‌లో పెట్టి తీయాలి. ఇదంతా పదకొండు అంశాలుగా టైపు చేసి గోడకు అంటించి ఉంది. సీసాలక్క ఆ కాగితం చూసి నేర్చుకోలేదు. అంతకుముందు పనిచేసిన ముసలాయన రిటైరవుతూ నెల రోజులు పక్కన నిలబెట్టుకుని నేర్పాడు. తొమ్మిదో తరగతి తప్పి, దర్జీకి పెళ్ళామై, చేతికి పని దొరికితే చాలనుకుంటున్న పిల్లకు అంత ఓపిగ్గా నేర్పిన ఆ ముసలాయన్ని ఆమె ఈనాటికీ తలుచుకుంటుంది.

మేడమ్‌ను అయితే రోజూ తలుచుకుంటుంది. చేరిన మూడో రోజున రెండు నెలల జీతం ఖరీదు చేసే ఫ్లాస్కును చేజార్చింది. ఉద్యోగం ఊడిందనుకుని గోడకు అతుక్కుపోయింది. మేడమ్ వచ్చి ముక్కల వైపు చూడనే లేదు. "చెయ్యి తెగిందా? చూపించు" అంది. అంతే. ఆ ఒక్క మాటకు సీసాలక్క ఇరవై రెండేళ్ళు ఊడిగం చేసింది, ఇంకో ఇరవై రెండేళ్ళు చేయమన్నా చేస్తుంది.

ఇంతకీ ఆ సీసాల్లో పోసేదేమిటి? ఇరుగుపొరుగు అడిగితే మొదట్లో "రక్తం తయారు చేస్తాం" అని గొప్పగా చెప్పేది. ఆ మాట మేడమ్ చెవిన పడింది. "రక్తం కాదక్కా. రక్తం వంద పనులు చేస్తుంది. మనది అందులో ఒక్కటే చేస్తుంది, ఊపిరితిత్తుల దగ్గర ప్రాణవాయువు ఎత్తుకుని ఒళ్ళంతా పంచిపెడుతుంది. దానికే మన తాతలు దిగొస్తున్నారు" అని నవ్వింది.

ఆ తర్వాత సీసాలక్క తనకు అర్థమైనట్టు తాను చెప్పడం మొదలుపెట్టింది. రక్తనిధిలో గడువు దాటి పారబోయాల్సిన రక్తం ఉంటుంది కదా, దాన్ని తెస్తారు. అందులోని ఎర్రకణాల తొక్క తీసేస్తారు. ఈ గ్రూపు, ఆ గ్రూపు అనే తగాదా అంతా ఆ తొక్కలోనే ఉంది. తొక్క పోయాక లోపలి ఎర్రటి సరుకు మిగులుతుంది, ప్రాణవాయువును మోసేది అదే. దాన్ని అలాగే ఒంట్లోకి వదిలితే మూత్రపిండాలు పాడు చేస్తుంది. అందుకని నాలుగైదింటిని చేతులు కలిపి గొలుసు కట్టిస్తారు. అప్పుడది ఎవరికైనా పడుతుంది. ఒంట్లో ఒకటి రెండు రోజులే ఉంటుంది, కానీ సొంత రక్తం ఊరేదాకా మనిషిని నిలబెట్టడానికి ఆ ఒకటి రెండు రోజులు చాలు. చివర్లో "తొక్క తీసిన రక్తం, అంతే" అని తేల్చేసేది. మేడమ్ పది పేజీల్లో రాసేది ఆమె ఒక్క గుక్కలో చెప్పేస్తుందని లాబ్‌లో అందరూ ఏడిపించేవాళ్ళు.

ఇక ఇంటి సంగతి. అన్నదమ్ములిద్దరూ ఒకే దుకాణంలో దర్జీలు, ఒకే ఇల్లు, ఒకే వంటగది. సీసాలక్క పెద్దకోడలు. చిన్నకోడలు దుకాణంలో కాజాలు కుడుతుంది. ఆమె కుట్టిన కాజా చొక్కా చిరిగినా చిరగదు. మాట కూడా అంతే పదును, అందుకే సీసాలక్క మొగుడు తమ్ముడి పెళ్ళానికి కత్తెర అని పేరు పెట్టాడు. ఆ పేరు వీధంతా పాకింది, చివరికి ఆమె పిల్లలు కూడా చాటుగా అదే అంటారు.

తోటికోడళ్ళిద్దరికీ ఉప్పూ నిప్పూ. కత్తెర కడిగి పెట్టిన గ్లాసును సీసాలక్క తీసి వెలుగుకు పట్టి చూస్తుంది. చూసి ఊరుకుంటుందా, ఇంకోసారి కడుగుతుంది. కత్తెర ఒళ్ళు మండిపోతుంది.

"ఇది ఇల్లా అక్కా, ఆస్పత్రా? నేను కడిగితే తాగలేవా?"

"చుక్క ఆగిందే. చూడు."

"చుక్క ఆగితే ఆగింది. నీళ్ళు తాగే గ్లాసుకు నీళ్ళంటకుండా ఎట్లా?"

అలా మొదలైతే ఇద్దరూ నాలుగు రోజులు మాట్లాడుకోరు. ఏం కావాలన్నా పిల్లల చేత కబురు పంపుకుంటారు, ఒకే గదిలో ఉండి కూడా.

ఎనిమిది నెలల కిందట ఒక పొద్దున, ఇలా మాటల్లేని రోజుల్లోనే, కత్తెర కుట్టు స్టూలు మీంచి పక్కకు ఒరిగిపోయింది. గర్భసంచిలో గడ్డ ఉందని, రక్తం చాలా పోయిందని ఆస్పత్రిలో చెప్పారు. గ్రూపు చూసి, సరిపోయిందనుకుని రక్తం ఎక్కించడం మొదలుపెట్టారు. పది నిమిషాలు కాకముందే వణుకు, నడుం నొప్పి, ఊపిరాడకపోవడం. పరుగున వచ్చి ఆపేశారు. రెండు కాన్పుల్లోనూ ఆమెకు రక్తం ఎక్కించారట. అప్పట్నుంచి ఆ ఒళ్ళు బయటి రక్తాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుందట. ఎంతమంది దాతల రక్తంతో సరిచూసినా ఒక్కటీ పడలేదు.

"ఈమెకు ఇక ఎవరి రక్తమూ ఎక్కించడానికి లేదు" అని డాక్టరు చెప్పాడు. "గడ్డ తీసేయాలి, కానీ రక్తం చేతిలో లేకుండా కోయలేం. మందులతో ఎంతకాలం ఆగితే అంతకాలం."

ఆ మాట విని సీసాలక్క మరిది నేల మీద కూలబడ్డాడు. "వదినా, మీ లాబ్‌లో చేసేది ఉందిగా" అన్నాడు. ఉంది. జంతువుల మీద నెగ్గింది. మనుషుల్లో వేరే దారి లేనివాళ్ళకు, ఒక్కొక్కరి కేసు చూసి అనుమతిస్తామని కొత్త మందుల్ని పరిశీలించే కమిటీ కూడా అప్పుడప్పుడే అంటోంది. సీసాలక్క ఆ మర్నాడే మేడమ్ కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. మేడమ్ తల ఊపి, "మన సరుకు పరీక్ష నెగ్గితే చాలు, కమిటీతో నేను మాట్లాడతాను" అంది.

ఆ రోజే సీసాలక్క ఓవెన్‌లోంచి సీసాలు తీస్తూ ఒకదాని ఫాయిల్ విప్పి చూసింది. అడుగున కంటికి ఆనీ ఆననట్టు ఏదో సన్నటి నుసి. మామూలుగా అయితే పట్టించుకునేది కాదేమో. కానీ ఇప్పుడు ఈ సీసాలోది కత్తెర ఒంట్లోకి వెళ్ళబోతోంది. ఒక్కసారి తొలిస్తే పోయేదేముంది అనుకుంది. క్యాన్‌లోని డిస్టిల్డ్ వాటర్‌తో తొలిచి, కొత్త ఫాయిల్ చుట్టి ఆటోక్లేవ్‌లో పెట్టింది. ఒక్కటి కడిగాక మిగిలినవి వదలబుద్ధి కాలేదు. ఆ రోజు నుంచి ఓవెన్‌లోంచి వచ్చిన ప్రతి సీసానూ విప్పి ఇంకొక్కసారి కడగడం అలవాటు చేసుకుంది. దానికి రోజూ గంటన్నర ఎక్కువ పట్టేది. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి అదేమంత పెద్ద పని అనిపించలేదు.

ఆ నెల నుంచే సరుకు పరీక్షలో తప్పడం మొదలైంది.

అది జ్వరపు పరీక్ష. చచ్చిపోయిన సూక్ష్మక్రిముల అవశేషాలు రవ్వంత ఉన్నా రక్తంలోకి వెళ్ళగానే మనిషికి విపరీతమైన జ్వరం వస్తుంది, ప్రాణం మీదికీ రావచ్చు. వాటిని పట్టుకోవడానికి చిన్న గాజు గొట్టంలో సరుకూ ఇంకో ద్రవమూ కలిపి గంటసేపు వెచ్చగా ఉంచుతారు. తర్వాత గొట్టాన్ని తలకిందులు చేస్తారు. లోపలిది జారిపోతే నెగ్గినట్టు. గడ్డకట్టి పైనే నిలిచిపోతే మొత్తం సరుకు పారబోయాల్సిందే. ఇరవై రెండేళ్ళలో అప్పుడొకటి ఇప్పుడొకటి తప్పేది. ఇప్పుడు వరసపెట్టి తప్పడమే.

మేడమ్‌కు తల ప్రాణం తోకకొచ్చింది. నీళ్ళ యంత్రం మార్పించింది. రసాయనాలు అమ్మేవాళ్ళను మార్చింది. ఓవెన్‌లోంచి అప్పుడే తీసిన సీసాల్ని కూడా పరీక్షించింది, అవి ముత్యాల్లా ఉన్నాయి. దాంతో సీసాల మీద అనుమానం ఎవరికీ రాలేదు. సీసాలక్క ఒక్కోసారి తప్పిన సరుకును సింకులో పారబోస్తూ ఏడ్చేది. రేపట్నుంచి ఇంకా జాగ్రత్తగా కడగాలని అనుకునేది. కడిగేది కూడా.

ఎనిమిది నెలలు మందులతో నెట్టుకొచ్చిన కత్తెర మెట్లెక్కలేని స్థితికి వచ్చింది, ఆపైన మంచం దిగలేని స్థితికి. ఒక మధ్యాహ్నం రక్తస్రావం మళ్ళీ ఎక్కువై ఆస్పత్రిలో చేర్చారు. పన్నెండు ఉండాల్సిన హిమోగ్లోబిన్ నాలుగుకు దిగింది. డాక్టరు పది రోజులు గడువు పెట్టాడు. అంతకుమించి ఆగదని చెప్పాడు.

సీసాలక్క నాలుగు రోజులు సెలవు పెట్టి ఆస్పత్రిలో కూర్చుంది. అన్ని రోజులు సెలవు పెట్టడం ఆమె ఉద్యోగంలో అదే మొదటిసారి. ఆమె బదులు స్టోరు గుమాస్తాను సీసాలు కడగమన్నారు. ఆయన బద్ధకం ఆ ఆవరణలో జగమెరిగినది. కూర్చున్న కుర్చీలోంచి లేవాల్సి వస్తుందని ఫోను మోగినా ఎత్తడు.

ఐదో రోజు పొద్దున్నే ఆమె పనికి వచ్చేసరికి లాబ్‌లో ఎక్కడ చూసినా నవ్వు మొహాలే. మేడమ్ ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"అక్కా! నెగ్గింది. కొద్దిగా చేసి చూసిన చిన్న సరుకు నిన్న పరీక్ష నెగ్గింది. కొత్త ఫిల్టరు తెప్పించాం, అదే కారణం అయ్యుంటుంది. ఇవాళ పదింటికి పెద్ద సరుకు మొదలుపెడుతున్నాం. మీ తోటికోడలికే. కమిటీ సంతకం కూడా వచ్చింది."

సీసాలక్క ఆ క్షణాన మేడమ్‌నూ, ఫిల్టరు కనిపెట్టిన తెలియని మనిషినీ, కమిటీలో సంతకాలు పెట్టిన ప్రతివాళ్ళనూ కలిపి ఒక్కసారే దండం పెట్టుకుంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ తన గదిలోకి వెళ్ళింది.

స్టోరు గుమాస్తా అక్కడే ఉన్నాడు, తాళం చెవి అప్పగించడానికి. "తల్లీ, నీ పనికో నమస్కారం. ఆరు సీసాలు కడిగేసరికి నా నడుం పట్టేసింది."

"ఆరేనా?"

"చిన్న సరుకేగా, ఆరు చాలన్నారు. గోడ మీద కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేశాను. ఒక్క అక్షరం ఎక్కువ చేయలేదు, ఒట్టు."

ఆయన ఎక్కువ చేయడని లోకానికంతా తెలుసు. సీసాలక్క నవ్వబోయింది. అలవాటుగా అడిగింది: "ఓవెన్‌లోంచి తీశాక కడిగారా?"

"ఓవెన్ తర్వాత కడగడమేమిటి? ఫాయిల్ కూడా విప్పలేదు. అట్లాగే ఆటోక్లేవ్‌లో పడేశాను. కాగితంలో లేనిది నేనెందుకు చేస్తాను?"

ఆయన వెళ్ళిపోయాడు. సీసాలక్క సింకు అంచు పట్టుకుని నిలబడింది. కడిగిన సీసాలు తప్పాయి. కడగని సీసాలు నెగ్గాయి. ఎనిమిది నెలలు. ఆమె చదువు తొమ్మిదో తరగతి దగ్గర ఆగి ఉండొచ్చుగానీ, ఈ లెక్కకు అంత చదువు అక్కర్లేదు.

బీరువా వైపు చూసింది. సెలవు పెట్టకముందు తాను సిద్ధం చేసిన నలభై పెద్ద సీసాలు అందులో ఉండాలి. తలుపు తీసి ఉంది. సీసాలు లేవు. పై అంతస్తుకు తీసుకుపోయారు, కత్తెర సరుకు కోసం. గడియారంలో పది కావడానికి పన్నెండు నిమిషాలుంది. ఉన్న ముడి సరుకంతా ఈ ఒక్క విడతకే సరిపోతుంది. ఇది తప్పితే మళ్ళీ పోగుచేసి శుద్ధి చేయడానికి మూడు వారాలు. కత్తెరకు మూడు వారాలు లేవు.

మెట్లెక్కుతూ ఒక అబద్ధం ఆలోచించింది. ఆ సంగతి కథ చెబుతున్న నేను దాచను, ఆమె కూడా తర్వాత దాచలేదు. సీసాల మీద దుమ్ము పడింది, మళ్ళీ కాలుస్తాను అంటే సరిపోతుంది. ఆలస్యమవుతుంది, అంతే. సరుకు బాగుపడుతుంది, కత్తెర బతుకుతుంది, ఫిల్టరుకు పేరొస్తుంది, ఇరవై రెండేళ్ళ తన పరువు ఎక్కడిదక్కడ ఉంటుంది.

పైన మేడమ్ చేతి తొడుగులు వేసుకుంటోంది. బల్ల మీద నలభై సీసాలు తళతళలాడుతున్నాయి.

"మేడమ్, ఆ సీసాలు ఒకసారి మళ్ళీ కాల్చి ఇస్తానండి. బీరువాలో నాలుగు రోజులున్నాయి, దుమ్ము పడి ఉంటుంది."

మేడమ్ నవ్వింది. "నీ సీసాలకు దుమ్మా? ఈ భవనంలో నేను రెండోసారి పరీక్షించకుండా నమ్మేది ఒక్క నీ సీసాల్నే అక్కా. మొదలుపెడదాం, పక్కకు జరుగు."

ఇంకెవరైనా అయితే అబద్ధాన్ని ఇంకాస్త గట్టిగా చెప్పేవాళ్ళేమో. సీసాలక్కకు ఆ నమ్మకం ముందు నోరు పెగల్లేదు. పెగిలాక నిజమే బయటికొచ్చింది.

"ఆపండి మేడమ్. ఆ సీసాల్లో పోయకండి. ఓవెన్‌లోంచి తీశాక నేను వాటిని క్యాన్ నీళ్ళతో మళ్ళీ కడిగాను. ఇవే కాదు, ఎనిమిది నెలల్నుంచి అన్నీ కడుగుతున్నాను. గుమాస్తాగారు కడగలేదు, అందుకే నిన్నటిది నెగ్గింది. ఫిల్టరు కాదండి. నేనేనండి."

మేడమ్ తొడుగులు తీసేసింది. సరుకుల డైరీ తెచ్చి తారీఖుల మీద వేలు నడుపుకుంటూ వెనక్కు వెళ్ళింది. "ఎందుకు కడిగావు" అని మాత్రం అడగలేదు. నలభైలోంచి ఒక సీసా తీసి, పరీక్షించిన నీళ్ళు పోసి కడిగి, ఆ నీళ్ళను గాజు గొట్టంలో జ్వరపు పరీక్షకు పెట్టింది. గంట.

ఆ గంట సీసాలక్క స్టూలు మీద కూర్చుంది. ఉద్యోగం పోతుందన్న దిగులు కూడా రాలేదు. ఈ ఎనిమిది నెలల్లో ఏ నెలలో సరుకు నెగ్గినా కత్తెరకు ఆపరేషన్ అయిపోయేది, ఇంటికొచ్చి తనతో పోట్లాడుతూ ఉండేది. అదొక్కటే తిరుగుతోంది మనసులో.

మేడమ్ గొట్టాన్ని తలకిందులు చేసింది. లోపలిది గడ్డకట్టి, పైనే నిలిచిపోయింది.

మేడమ్ తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఎంతసేపో ఎవరూ చూడలేదు. వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సీసాలక్క ఎదురుగా ఇంకో స్టూలు లాక్కుని కూర్చుంది.

"కోపం రాలేదనుకోకు. వచ్చింది. లోపల కూర్చుని తిట్టుకున్నాను, నిన్ను కొంచెం, నన్ను చాలా. చచ్చిన క్రిమి కూడా జ్వరం తెప్పిస్తుందని నీకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఎంత శుభ్రమైన నీళ్ళయినా క్యాన్‌లో నిలవుంటే వాటిలో క్రిములు పుట్టి చస్తాయని, ఆటోక్లేవ్ వాటిని చంపుతుందేగాని వాటి అవశేషాల్ని పోగొట్టలేదని, ఆ పని ఓవెన్ ఒక్కటే చేస్తుందని ఎవరు చెప్పారు? ఇరవై రెండేళ్ళు ఎలా కడగాలో చెప్పాం. ఎందుకో ఒక్కసారి కూడా చెప్పలేదు. కాగితంలో పన్నెండో అంశం ఉండాల్సింది. అది రాయనిది నేను."

"నన్ను పనిలోంచి తీసేయండి మేడమ్."

"తీసేసి? ఆ గుమాస్తా చేత కడిగించనా? ఆయన చేతికిస్తే మూడు రోజుల్లో మెట్ల కింద పడుకుంటాడు." మేడమ్ లేచింది. "నువ్విప్పుడు నోరు విప్పకపోతే ఈ సరుకూ పోయేది, మీ తోటికోడలూ పోయేది. ఆ తర్వాత జీవితాంతం నేను ఫిల్టర్లు మారుస్తూ కూర్చునేదాన్ని. లే. ఓవెన్ వెలిగించు."

సీసాలక్క ఓవెన్ వెలిగించి, నలభై సీసాలకూ కొత్త ఫాయిల్ చుట్టి లోపల పేర్చింది. ఆమెకు ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా, ఓవెన్ వేడికి కన్నీళ్ళు ఆరిపోయాయి. ఇంత జరిగాక కూడా తనను ఈ గదిలో నిలబడనిచ్చిన మనిషి రుణం ఎలా తీర్చుకోవాలో ఆమెకు తెలియలేదు. సీసాలు చల్లారాక మూతుల మీది ఫాయిల్‌ను తాకనైనా తాకలేదు.

ఆ సాయంత్రమే సరుకు మొదలైంది, మూడో రోజుకు పూర్తయింది. జ్వరపు పరీక్ష గంట అయ్యాక మేడమ్ ఆమెను పైకి పిలిచింది. "నువ్వే తిప్పు అక్కా" అని గొట్టం చేతికిచ్చింది. సీసాలక్క కళ్ళు మూసుకుని తిప్పింది. చుట్టూ చప్పట్లు వినబడ్డాక తెరిచింది. గొట్టంలోది నీళ్ళలా కిందికి జారిపోయి ఉంది.

ముదురు వంకాయ రంగులో ఉన్న ఆరు సంచులు ఆస్పత్రికి వెళ్ళాయి. మొదటి సంచి ఎక్కుతున్నప్పుడు సీసాలక్క తలుపు బయట నిలబడి, లోపలికి చూడలేక, నర్సు చెప్పులు మాత్రమే చూస్తూ ఉంది. వణుకు రాలేదు. నడుం నొప్పి రాలేదు. రక్తపోటు కాస్త పెరిగింది, చర్మం పచ్చబడింది, అది ముందే అనుకున్నదే. కత్తెర కళ్ళు తెరిచి, "నాకు రంగేస్తున్నారా, రక్తమేస్తున్నారా?" అని అడిగిందట. ఆ మాట నర్సు బయటికొచ్చి చెప్పగానే మరిది గోడకు తల ఆనించి నవ్వాడు. చాలా నెలల తర్వాత ఆ మొహంలో నవ్వు చూసింది సీసాలక్క.

ఆపరేషన్ జరిగింది. గడ్డ పోయింది, రక్తస్రావం ఆగింది. సంచులు ఒక్కొక్కటే ఎక్కుతూ నాలుగు రోజులు ఆమెను నిలబెట్టాయి. ఆలోగా సొంత రక్తం ఊరడం మొదలైంది. రెండో వారానికి హిమోగ్లోబిన్ ఏడు దాటింది. కత్తెర లేచి కూర్చుని, పక్క మంచం ఆమె దుప్పటి మడత సరిగా లేదని చెప్పే స్థితికి వచ్చింది.

మధ్యాహ్నం చూడనిచ్చే వేళలో సీసాలక్క ఒక్కతే వెళ్ళింది. మరిది ఉన్నప్పుడు ఈ మాట చెప్పలేకపోయింది. మంచం పక్కన నిలబడి, కాన్వాస్ సంచీని రెండు చేతులతో పట్టుకుంది.

"మీ మేడమ్ దేవత అక్కా" అంది కత్తెర. "నిన్న వచ్చి చూసి వెళ్ళింది. ఆవిడకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. నీకు మాత్రం పెట్టను. నువ్వు సీసాలు కడిగావంతేగా."

"అదే చెప్దామని వచ్చానే. ఈ మందు నీకు ఎనిమిది నెలల కిందటే రావాల్సింది. రాకుండా చేసింది నేను."

చెప్పింది. నుసి సంగతి, క్యాన్ నీళ్ళ సంగతి, పారబోసిన సరుకులు, తాను ఆలోచించిన అబద్ధం, అన్నీ. ఏదీ తగ్గించి చెప్పలేదు. కత్తెర మధ్యలో ఒక్క మాట కూడా అనలేదు. ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండడం సీసాలక్క ఎప్పుడూ చూడలేదు, అందుకు ఇంకా భయం వేసింది.

"మేడమ్ కూడా అడగలేదు, నేనడుగుతున్నాను" అంది చివరికి కత్తెర. "కాగితంలో లేనిది ఎందుకు కడిగావు?"

"నీ ఒంట్లోకి వెళ్ళేది కదా అని."

"రోజూనా?"

"రోజూ."

"రోజుకెన్ని?"

"నలభై, ఒక్కోరోజు యాభై. లెక్కపెట్టలేదు."

కత్తెర కాసేపు కిటికీ వైపు చూసింది.

"మనిద్దరం మాట్లాడుకోని రోజుల్లో?"

"అప్పుడు కూడా."

"నీ మొహం చూడనని నేను ఒట్టు పెట్టుకున్న వారం?"

"ఆ వారం కూడా కడిగానే."

కత్తెర కళ్ళ నీళ్ళు తుడుచుకోకుండానే, కుట్లు నొప్పెడుతున్నా రెండు చేతులూ ఊని మెల్లగా గోడ వైపుకు జరిగి, మంచం మీద చోటు చేసింది.

"కూర్చో అక్కా. ఇందాకట్నుంచీ నిలబడే ఉన్నావు."